కంపెనీ అమ్మిన ఔషధం వల్ల మనిషి పోతే కేసు ఎవరి మీద, ఎక్కడ, ఎలా

2025 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మధ్యప్రదేశ్ చింద్వారా జిల్లాలో దగ్గు సిరప్ తాగిన చిన్నపిల్లలు కిడ్నీలు పాడై వరసగా చనిపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. తమిళనాడు కాంచీపురం జిల్లాలో శ్రీసన్ అనే కంపెనీ తయారు చేసిన కోల్డ్రిఫ్ సిరప్ అది, ఎస్‌ఆర్-13 అనే బ్యాచ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని తమిళనాడు ల్యాబ్ తేల్చింది, మందుల్లో దీనికి హద్దు 0.1 శాతం. తెలంగాణ డ్రగ్ కంట్రోల్ వాళ్ళు కూడా అప్పుడే ఆ బ్యాచ్ ఎవరి దగ్గరన్నా ఉంటే వాడొద్దని హెచ్చరిక ఇచ్చారు. తర్వాత కంపెనీ ఓనర్ అరెస్టు, మందు రాసిన డాక్టర్ అరెస్టు, లైసెన్స్ రద్దు, మధ్యప్రదేశ్ ప్రభుత్వం కుటుంబానికి 4 లక్షలు ప్రకటించడం అన్నీ చకచకా జరిగిపోయాయి, టీవీలో చూసిన మనం న్యాయం జరిగిందిలే అనుకుని ఛానల్ మార్చేశాం.

కానీ ఒక్కసారి ఆగి చూడండి, పైన చెప్పినవాటిలో తప్పు చేసిన కంపెనీ ఆ ఇంటికి కట్టాల్సిన డబ్బు అనేది ఎక్కడుంది? అరెస్టు ప్రభుత్వం పెట్టే క్రిమినల్ కేసు, అందులో మీరు మహా అయితే సాక్షి. ఎక్స్‌గ్రేషియా అంటే ప్రభుత్వం దయతలచి ఇచ్చేది, దానికీ కంపెనీ బాధ్యతకీ సంబంధం లేదు. మూడోది, అంటే తయారీదారు మీద కుటుంబం వేసే నష్టపరిహారం కేసు, దానంతట అది రాదు, మీరే వెయ్యాలి, దానికి టైమ్ లిమిట్ ఉంది, ఆ టైమ్ అంతా మొదటి రెండూ చూస్తూ కూర్చునేసరికే కరిగిపోతుంది. చెక్కు తీసుకున్నాం కదా ఇంక కేసు వెయ్యొచ్చా అని అడిగేవాళ్ళు చాలామంది, వెయ్యొచ్చు. ఎక్స్‌గ్రేషియా తీసుకున్నంత మాత్రాన కంపెనీ మీద హక్కు పోదు. కాకపోతే ఎవరన్నా వచ్చి ఇంత తీసుకుని ఇక్కడ సంతకం పెట్టమ్మా అంటే ఆ కాగితం ప్రభుత్వానిదా, కంపెనీ మనిషిదా అనేది చూస్కోవాలి, కంపెనీదైతే అందులో ఇకమీదట ఏ క్లెయిమూ చెయ్యం అనే లైన్ ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.

క్రిమినల్ కేసులో కూడా కుటుంబానికి డబ్బు వచ్చే దారి ఒకటుంది, ఇది లాయర్లు కూడా పెద్దగా చెప్పరు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం సెక్షన్ 27(ఎ) ప్రకారం కల్తీ మందు లేదా నకిలీ మందు వల్ల మనిషి చనిపోతే శిక్ష కనీసం 10 ఏళ్ళు, జైలు యావజ్జీవం దాకా వెళ్ళొచ్చు, జరిమానా 10 లక్షలకి తగ్గకూడదు లేదా పట్టుకున్న సరుకు విలువకి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అది. ఆ జరిమానా ఖజానాలోకి పోదు, పోయినవాళ్ళ దగ్గరి బంధువుకే పరిహారంగా ఇవ్వాలని అదే సెక్షన్ చెప్తుంది. వినడానికి బానే ఉంది గానీ ఇదంతా నేరం రుజువై శిక్ష పడ్డాక మాట, అది ఎన్నేళ్ళకి తేలుతుందో మన కోర్టులు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

పోయింది మందు వల్ల కాకుండా తిండి వల్ల అయితే, అంటే కల్తీ నూనె, పాలు, హోటల్ భోజనం లాంటివి, అప్పుడు వేరే చట్టం. ఆహార భద్రత చట్టం 2006 సెక్షన్ 65 కింద మరణానికి పరిహారం 5 లక్షలకి తగ్గకూడదు, పైన ఎంతైనా ఇవ్వొచ్చు. 30 రోజుల్లో మధ్యంతర సాయం, ఎట్టి పరిస్థితుల్లోనూ 6 నెలల్లోపు పూర్తి పరిహారం ఇవ్వాలని కూడా రాసుంది. ఇది కోర్టే కాదు, అడ్జుడికేటింగ్ ఆఫీసర్ అనే అధికారి కూడా ఇప్పించొచ్చు, ఆయన అడిషనల్ డిస్ట్రిక్ట్ మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని వాడు, మన దగ్గర జాయింట్ కలెక్టరో అడిషనల్ కలెక్టరో అన్నమాట. ఫుడ్ పాయిజన్ కేసుల్లో మనవాళ్ళు ఎమ్మెల్యే దగ్గరికి వెళ్తారు గానీ ఈ సెక్షన్ పేరు మీద అర్జీ పెట్టినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చేమో.

సరే, ఇప్పుడు అసలు దారి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ఆరో చాప్టర్ మొత్తం ప్రోడక్ట్ లయబిలిటీ గురించే, అంటే వస్తువు వల్ల జరిగిన హానికి తయారు చేసినవాడు, అమ్మినవాడు పడాల్సిన బాధ్యత, సెక్షన్ 82 నుంచి 87 దాకా. పాత 1986 చట్టంలో ఇది లేదు, వస్తువులో లోపం ఉంటే మార్చి ఇవ్వాలి, డబ్బు వాపసు ఇవ్వాలి, నిర్లక్ష్యం ఉంటే పరిహారం ఇవ్వాలి అన్నట్టు ఉండేది. కొత్తదాంట్లో హాని అంటే ఏంటో విడిగా రాశారు, శరీరానికి గాయం, జబ్బు, మరణం, దాని తాలూకు మానసిక క్షోభ, భార్యకో భర్తకో తోడు పోవడం వల్ల కలిగిన నష్టం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఫిర్యాదు చెయ్యగల వాళ్ళ లిస్టులో వినియోగదారుడు చనిపోతే అతని వారసులు అని స్పష్టంగా ఉంది. ఇంకో మంచి సంగతి, కొన్నవాడే కాదు, కొన్నవాడి ఇష్టంతో వాడినవాళ్ళు కూడా వినియోగదారులే, కాబట్టి కొడుకు మెడికల్ షాపులో కొనుక్కొచ్చాడు, వాళ్ళమ్మ వేసుకుంది, బిల్లు కొడుకు పేరు మీద ఉంది అన్నా ఇబ్బంది లేదు.

ఇక్కడ అడ్డం పడేది ఒకటుంది, ప్రభుత్వాసుపత్రిలో ఫ్రీగా ఇచ్చిన మందు. డబ్బు కట్టి కొనలేదు కాబట్టి వినియోగదారుడు అనే నిర్వచనంలోకి రారని అవతలి లాయర్ మొదటి రోజే అంటాడు. అలాంటప్పుడు సివిల్ కోర్టో, హైకోర్టులో రిట్టో (ప్రభుత్వం మీద వేసే పిటిషన్), మానవ హక్కుల కమిషనో చూస్కోవాలి. జమ్మూలోని ఉధంపూర్ జిల్లా రామ్‌నగర్‌లో 2019 చివర, 2020 మొదట్లో ఇలాగే దగ్గు మందుకి పిల్లలు పోతే, డ్రగ్ కంట్రోల్ వాళ్ళ పర్యవేక్షణ లోపం ఉందని జాతీయ మానవ హక్కుల కమిషన్ కుటుంబానికి 3 లక్షల చొప్పున ఇమ్మంది, అక్కడి ప్రభుత్వం ఆ 3 లక్షలు కూడా ఇవ్వలేక సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2022లో అక్కడ కొట్టేశారు. పోయిన పిల్లాడికి 3 లక్షలు, అది ఎగ్గొట్టడానికి లాయర్లకి ఎంత పోసుంటారో.

తయారీదారుడు ఎప్పుడు బాధ్యుడు అంటే సెక్షన్ 84 ఐదు దార్లు చెప్తుంది, తయారీలో లోపం, డిజైన్‌లో లోపం, స్పెసిఫికేషన్ తప్పడం, ఇచ్చిన వారంటీకి సరిపోకపోవడం, ఇంక ఎలా వాడాలి, ఏం ప్రమాదం ఉంది అనే హెచ్చరిక సరిగ్గా ఇవ్వకపోవడం. చదివేటప్పుడు ఒకేలా ఉంటాయి గానీ కేసులో తేడా చాలా. దగ్గు సిరప్‌నే తీసుకోండి. ఇలాంటి సిరప్‌లలో మందు కరగడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ వాడతారు, ఫార్మా గ్రేడ్ ఖరీదు, ఇండస్ట్రియల్ గ్రేడ్ చవక, ఆ చవకదాంట్లో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసి ఉండొచ్చు, చూడ్డానికి రెండూ నీళ్ళలాగే ఉంటాయి, రుచికి తియ్యగానే ఉంటుంది, టెస్ట్ చెయ్యకుండా డ్రమ్ములు ఖాళీ చేస్తే సిరప్‌లోకి వచ్చేస్తుంది. ఇది తయారీ లోపం, దీనికి ల్యాబ్ రిపోర్ట్ కావాలి. అదే సిరప్ మీద ఇంకో కేసు కూడా ఉంది చూడండి, కోల్డ్రిఫ్‌లో ఉన్నట్టు క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ అనే జలుబు మందులు కలిసిన సిరప్ నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని లేబుల్ మీద రాయాలని కేంద్ర డ్రగ్ కంట్రోల్ 2023 డిసెంబర్‌లో చెప్పింది. లేబుల్ మీద అది లేకపోతే విషం సంగతి పక్కన పెట్టినా హెచ్చరిక ఇవ్వలేదనే పాయింట్ నిలబడుతుంది, దానికి ల్యాబ్ అక్కర్లేదు, అట్టపెట్టె చాలు. ఫిర్యాదు రాసేటప్పుడు రెండూ రాయాలి, ఒకటి పోతే ఒకటి ఉంటుంది.

కంపెనీ వైపు నుంచి వచ్చే జవాబులు సెక్షన్ 87లో ఉన్నాయి, ముందే చదువుకుంటే ఆశ్చర్యపోరు. వస్తువుని తప్పుగా వాడారు, మార్చారు అంటారు. డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాల్సిన మందు, మేం డాక్టర్లకి హెచ్చరిక ఇచ్చాం అంటారు. డాక్టర్ రాయకుండా వేరే ప్రిస్క్రిప్షన్ మందులేవో వేసుకున్న మత్తులో ఉన్నాడనో, తాగి ఉన్నాడనో అంటారు. ఇంకోటి, ప్రమాదం అందరికీ తెలిసిందే అయితే ప్రత్యేకంగా హెచ్చరించక్కర్లేదు అని ఉంది, సిగరెట్టు, గుట్కా మీద మన దగ్గర ఇలాంటి కేసు నిలబడటం కష్టం అనేది నాకు ఇందుకే అనిపిస్తుంది.

కేసు ఎక్కడ తేలుతుంది

నిజం చెప్పాలంటే ఈ కేసులు వినియోగదారుల కమిషన్‌లో ఓడిపోవు, ఇంట్లో ఓడిపోతాయి. మనిషి పోయిన మర్నాడు ఇల్లు కడుగుతారు, పోయినవాళ్ళ మందులు, బట్టలు, మంచం అన్నీ బయట పడేస్తారు, పెద్దకర్మ అయ్యేదాకా ఎవరూ కాగితాల జోలికి పోరు. ఆ పదకొండు పన్నెండు రోజుల్లోనే సీసా చెత్తబండి ఎక్కేస్తుంది. వస్తువు అదే, బ్యాచ్ అదే, దానివల్లే జబ్బు, ఆ జబ్బు వల్లే మరణం, ఈ నాలుగు ముడులూ వెయ్యాల్సింది మీరే, ఒక్కటి జారినా కంపెనీ లాయర్ అక్కడే పట్టుకుంటాడు.

కాబట్టి సీసాలో అడుగున కొంచెం మిగిలినా సరే మూత బిగించి, అట్టపెట్టెతో, బిల్లుతో కలిపి దాచాలి. బిల్లు లేకపోతే షాపుకి వెళ్ళి డూప్లికేట్ అడగండి, బ్యాచ్ నంబర్ అందులో ఉంటుంది, ఫోన్‌పేలో కట్టుంటే ఆ తేదీ, సమయం ఉన్నాయి. బ్యాచ్ ఎందుకంత ముఖ్యం అంటే చింద్వారా విషయంలోనే మొదట వెళ్ళిన కొన్ని శాంపిళ్ళలో ఏమీ లేదని ప్రకటన వచ్చింది, తర్వాత తమిళనాడు వాళ్ళు కంపెనీలో ఆ బ్యాచ్ పట్టుకుని టెస్ట్ చేస్తే 48.6 శాతం బయటపడింది. అదే పేరు, అదే లేబుల్, బ్యాచ్ వేరైతే రిజల్ట్ వేరు.

టెస్ట్ ఎవరు చేస్తారు అంటే, చాలామందికి తెలీదు, డ్రగ్స్ చట్టం సెక్షన్ 26 ప్రకారం మందు కొన్న ఎవరైనా ఫీజు కట్టి గవర్నమెంట్ అనలిస్ట్‌కి, అంటే మందులు పరీక్షించే ప్రభుత్వ అధికారికి ఇచ్చి రిపోర్ట్ తీసుకోవచ్చు. ప్రైవేట్ ల్యాబ్‌కి సొంతంగా పంపితే శాంపిల్‌లో మీరే ఏదో కలిపారంటారు, పైగా ఉన్న నాలుగు చుక్కలూ అక్కడే అయిపోతాయి. కేసు వేశాక కమిషన్ కూడా వినియోగదారుల చట్టం సెక్షన్ 38 కింద శాంపిల్ సీల్ చేసి ల్యాబ్‌కి పంపిస్తుంది, 45 రోజుల్లో రిపోర్ట్ రావాలి, ఆ ఖర్చు ముందు మీతో కట్టించుకుంటారు.

సీసా పారేశాం, ఇప్పుడేం చెయ్యాలి అంటే దానికీ దారుంది, పైగా అది మన రైతులు తెచ్చిన దారి. నాసిరకం విత్తనాలతో పంట పోయిన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వాళ్ళు విత్తనం ల్యాబ్‌కి పంపలేదు కాబట్టి ఫిర్యాదు చెల్లదన్నారు. 2012లో సుప్రీంకోర్టు ఏమందంటే రైతు కొన్న విత్తనమంతా చల్లుతాడు గానీ రేపు కేసు వెయ్యాల్సొస్తుందని కొంచెం దాచుకుంటాడా, టెస్ట్ కావాలంటే అదే బ్యాచ్ విత్తనం కంపెనీయే తెచ్చి ఇవ్వొచ్చు కదా అని. మందుకి కూడా ఇదే వాదన వాడుకోవచ్చు, ఎందుకంటే ప్రతి బ్యాచ్‌లో రిఫరెన్స్ శాంపిల్ తీసి ఎక్స్‌పైరీ తేదీ దాటాక కూడా కొన్ని నెలలు ఉంచాలని మందుల కంపెనీలకి రూల్ ఉంది, అది తెప్పించమని కమిషన్‌ని అడగాలి. ఆ ఎక్స్‌పైరీ దాటి గడువు అయిపోయాక అడిగితే మాత్రం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

తర్వాత ఆసుపత్రి కాగితాలు. మున్సిపాలిటీ ఇచ్చే డెత్ సర్టిఫికెట్‌లో చావుకి కారణం ఉండదు, ఆ విషయం బయటికిచ్చే కాపీలో చూపించకూడదని చట్టంలోనే ఉంది, అది పట్టుకుని వెళ్తే ఉపయోగం లేదు. కారణం రాసేది ఆసుపత్రి డాక్టర్ ఇచ్చే ఫారం 4లో, 2023 సవరణ తర్వాత దాని కాపీ దగ్గరి బంధువుకి కూడా ఇవ్వాలి. అందులో ఏం రాశారో అక్కడే నిలబడి చదవండి. మన దగ్గర సగం ఫారాల్లో కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అని ఉంటుంది, అంటే గుండె ఆగింది, ఊపిరి ఆగింది అని, చచ్చిపోయిన ప్రతివాడికీ ఆగేవి అవే కదా, అది కారణం ఎలా అవుతుంది? దాని కింద రెండో లైన్లో అక్యూట్ కిడ్నీ ఇంజురీ, దాని కింద మూడో లైన్లో దేనివల్ల అనేది ఉండాలి, డాక్టర్‌కి అనుమానం ఉంటే రాయమని మర్యాదగా అడగాలి. కేస్ షీట్, డయాలసిస్ నోట్స్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టులు రోజువారీవి, బయాప్సీ ఉంటే ఆ స్లైడ్లు, ఇవన్నీ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల్లో ఉంది. ఆలస్యం చెయ్యొద్దు, ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్ళు ఉంచితే చాలన్నది కూడా అదే నియమాల్లో ఉంది.

ఇంక పోస్టుమార్టం. ఇది రాయడానికి కూడా ఇబ్బందే. పోయిన మనిషిని కోస్తారా అని ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు, చిన్నపిల్లలైతే అసలు ఆ మాట ఎత్తనివ్వరు, ఆసుపత్రి వాళ్ళు కూడా త్వరగా బాడీ తీసుకెళ్ళండి అంటారు. కానీ దహనం అయిపోయాక వెనక్కి వెళ్ళడానికి ఏమీ మిగలదు. అనుమానం గట్టిగా ఉంటే పోలీసులకి రాసిస్తే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 194 కింద శవపంచనామా, పోస్టుమార్టం చేయించి విసెరా, అంటే లోపలి అవయవాల ముక్కలు, ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపిస్తారు. చెయ్యలేకపోయారా, ఫర్వాలేదు, కేసు పోయినట్టు కాదు, బయాప్సీ, రక్తం రిపోర్టులు, అదే బ్యాచ్ వాడిన వేరేవాళ్ళకి అదే జబ్బు రావడం, ఇవి కలిపి చూపించొచ్చు. వినియోగదారుల కమిషన్‌లో క్రిమినల్ కోర్టులోలా అనుమానానికి తావు లేకుండా నిరూపించక్కర్లేదు, ఏది ఎక్కువ నమ్మదగ్గట్టు ఉందో అదే చూస్తారు.

వస్తువు ఏదో తేలకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఏలూరు చాలు. 2020 డిసెంబర్‌లో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు, ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, పురుగుమందు అవశేషాల మాట వచ్చింది, నీళ్ళా, కూరగాయలా, పాలా అని పెద్ద పెద్ద సంస్థలన్నీ దిగాయి. రక్తంలో ఏముందో తెలియడం వేరు, అది ఎవరి వస్తువులోంచి వచ్చిందో తెలియడం వేరు, రెండోది లేకపోతే నోటీసు ఏ అడ్రస్‌కి పంపుతారు? ప్రోడక్ట్ లయబిలిటీ అనేది కంపెనీ పేరు రాయగలిగినప్పుడే మొదలవుతుంది.

ఎక్కడ వెయ్యాలి, ఎప్పట్లోపు

రెండు చోట్లున్నాయి. ఒకటి వినియోగదారుల కమిషన్, మనం ఇప్పటికీ ఫోరం అనే అంటున్నాం. రెండోది సివిల్ కోర్టు, అక్కడ 1855 నాటి ఫాటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ కింద దావా. పేరులో యాక్సిడెంట్ ఉంది గానీ ఇంకొకడి తప్పు, నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణాలకి వర్తిస్తుంది. అందులో భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు వీళ్ళ కోసమే దావా, తాతలు, మనవలు, సవతి పిల్లలు కూడా వస్తారు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు రారు. పెళ్ళికాని అక్కని పోషిస్తున్న తమ్ముడు పోతే ఆమెకి ఈ చట్టంలో చోటు లేదు, ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

సివిల్ కోర్టులో అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, కమిషన్‌లో ఆ బాధ లేదు, వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు సున్నా. ఏ స్థాయి కమిషన్ అనేది కూడా వస్తువుకి కట్టిన ధర మీదే, అడిగే పరిహారం మీద కాదు, 50 లక్షల లోపు జిల్లా, 2 కోట్ల లోపు రాష్ట్రం, ఆపైన జాతీయం. అంటే 90 రూపాయల సీసా వల్ల పోయిన ప్రాణానికి మీరు 2 కోట్లు అడిగినా జిల్లా కమిషనే. ఇది అన్యాయం అని కారు మంటల్లో భర్తని పోగొట్టుకున్న ఒకామె సుప్రీంకోర్టుకి వెళ్ళింది, 2025 ఏప్రిల్‌లో కోర్టు చట్టం సరైనదే అంది. సామాన్యుడికి ఒకరకంగా ఇదే మేలు, ఢిల్లీ వెళ్ళక్కర్లేదు. పైగా 2019 చట్టంలో మీరు ఉండే చోటే వెయ్యొచ్చు, కంపెనీ కాంచీపురంలో ఉన్నా హిమాచల్‌లో ఉన్నా గుంటూరులోనో కరీంనగర్‌లోనో వేసి వాళ్ళనే ఇక్కడికి రప్పించొచ్చు. ఈ-జాగృతి అనే వినియోగదారుల కమిషన్ల పోర్టల్లో ఇంటి నుంచే ఫైల్ చెయ్యొచ్చు, ఏమీ తెలీకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులో చెప్తారు.

గడువు రెండుచోట్లా రెండేళ్ళే, కానీ ఒక తేడా ఉంది, అది చాలా పెద్దది. కమిషన్‌లో ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే క్షమించే అధికారం ఉంది. సివిల్ దావాకి అది లేదు, మరణం తేదీ నుంచి రెండేళ్ళు దాటితే దాటినట్టే, ఎందుకంటే ఆలస్యం మన్నించే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 అప్పీళ్ళకి, దరఖాస్తులకి తప్ప దావాలకి వర్తించదు. క్రిమినల్ కేసు తేలాక చూద్దాంలే అని ఆగినవాళ్ళు సరిగ్గా ఇక్కడే బోల్తా పడతారు. క్రిమినల్ కేసు నడుస్తుండగానే ఇది వెయ్యొచ్చు, ఆగమని ఏ చట్టమూ చెప్పలేదు. మనిషి బతికుండగానే వేసిన ఫిర్యాదు ఉంటే అది కూడా చావదు, వారసులు పార్టీలుగా చేరి కొనసాగించొచ్చు.

వారసులని చూపించడానికి తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మీసేవలోనో సచివాలయంలోనో అప్లై చెయ్యండి, అందులో పేర్లన్నీ వచ్చాయో లేదో చూస్కోండి, ఒక కూతురి పేరు వదిలేసి తర్వాత అవతలివాళ్ళు అదే పట్టుకుని వాయిదాలు లాగిన కేసులు ఉంటాయి. అందర్నీ ఫిర్యాదుదారులుగా పెట్టి ఒకరికి అధికారం ఇస్తే చాలు, అందరూ ప్రతి వాయిదాకీ రానక్కర్లేదు.

ఎంత అడగాలి

దీనికి వినియోగదారుల చట్టంలో పట్టిక లేదు, కాబట్టి చాలాసార్లు రోడ్డు ప్రమాదాల లెక్కనే అరువు తెచ్చుకుంటారు, సుప్రీంకోర్టు 2009లో, 2017లో ఇచ్చిన సూత్రాలు అవి. ఒక లెక్క వేసి చూద్దాం. 42 ఏళ్ళ టైలర్, నెలకి 20 వేలు సంపాదన, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఏడాదికి 2.40 లక్షలు, సొంతపని చేసుకునేవాడు 40 నుంచి 50 మధ్య వయసు కాబట్టి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 25 శాతం కలిపితే 3 లక్షలు, ఆధారపడ్డవాళ్ళు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చు పావువంతు తీసేస్తే 2.25 లక్షలు, ఆ వయసుకి గుణకం, అంటే ఏడాది మొత్తాన్ని ఎన్నిసార్లు లెక్కెయ్యాలో చెప్పే అంకె, 14, మొత్తం 31.50 లక్షలు. దీనికి ఆసుపత్రి బిల్లులు, అంత్యక్రియలు, తోడు పోయినందుకు విడిగా కలుపుతారు. ఇంటిపని చేసే ఆడవాళ్ళకి జీతం లేదు కదా అనడం కుదరదు, ఆ పనికి విలువ కట్టాల్సిందేనని 2021లో సుప్రీంకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పింది. ఈ లెక్కలో నలిగిపోయేది మాత్రం పసిపిల్లలు, ముసలివాళ్ళు. 65 దాటితే గుణకం 5, పిల్లలకైతే ఊహాదాయం, అంటే సంపాదన లేదు కాబట్టి ఊహించి వేసేది. అందుకే ఈ గుణకమే శాసనం కాదని వాదించాలి, వైద్య నిర్లక్ష్యం కేసులో సుప్రీంకోర్టే ఆ మాట అంది, 1998లో స్టెరాయిడ్ మితిమీరి వాడటంతో కోల్‌కతాలో చికిత్స వికటించి పోయిన మహిళ భర్తకి 2013లో 5.96 కోట్లు, పైన 6 శాతం వడ్డీ ఇమ్మంది. పదిహేనేళ్ళు పట్టింది, అతను తనే డాక్టర్ కాబట్టి నిలబడగలిగాడు అనుకోవాలి.

అమెరికాలో ఉండే మన చుట్టాలు టాల్కమ్ పౌడర్ వల్ల క్యాన్సర్ వచ్చిందనే కేసుల వార్తలు పంపిస్తుంటారు, 2025 అక్టోబర్‌లో లాస్ ఏంజెలెస్ జ్యూరీ ఒక కుటుంబానికి జాన్సన్ అండ్ జాన్సన్ 96.6 కోట్ల డాలర్లు కట్టాలంది, అందులో 95 కోట్లు శిక్షగా వేసినవే. కంపెనీ మాత్రం తమ పౌడర్‌లో ఆస్బెస్టాస్ లేదు, అది సురక్షితమే అనే అంటోంది. జ్యూరీ చెప్పిన అంకె చివరికి చేతికొచ్చే అంకె కాదు, సెయింట్ లూయిస్‌లో 2018లో 22 మందికి 469 కోట్ల డాలర్లన్నది అప్పీల్‌లో 212 కోట్లకి దిగింది. మన వినియోగదారుల చట్టంలో కూడా శిక్షాత్మక పరిహారం వేసే అధికారం కమిషన్‌కి ఉంది, సెక్షన్ 39లో, అడగకపోతే ఎవరూ గుర్తు చెయ్యరు. న్యూజెర్సీలో, టెక్సస్‌లో ఉండే తెలుగు కుటుంబాలకి అక్కడా గడువు మామూలుగా మరణం నుంచి రెండేళ్ళే.

ఇంకో తేడా లాయర్ ఫీజు. అక్కడ గెలిస్తే మూడోవంతు అని ఒప్పందం మామూలే, ఇక్కడ వచ్చినదాంట్లో వాటా మీద కేసు పట్టుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకి విరుద్ధం, అలా అడిగే లాయర్ దగ్గరికి వెళ్ళకపోవడమే మంచిది. డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చేసి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయర్ని పెట్టుకోవచ్చు, ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేదు.

చివరగా ఎవరెవర్ని పార్టీలుగా పెట్టాలి అనేది, ఇది ఫైల్ చేసేముందే తేల్చుకోవాలి. చిన్న కంపెనీలు గొడవ అవ్వగానే షట్టర్ దింపేస్తాయి, లైసెన్స్ పోయాక ఆర్డర్ వచ్చినా వసూలు చెయ్యడానికి ఏముంటుంది? వినియోగదారుల చట్టం సెక్షన్ 86 ప్రకారం తయారీదారు ఎవరో తెలియకపోయినా, తెలిసినా నోటీసు అందించలేకపోయినా, అతని మీద ఆర్డర్ అమలు చెయ్యలేకపోయినా అమ్మినవాడు బాధ్యుడవుతాడు. అందుకే మెడికల్ షాపుని, ఆ షాపుకి సరఫరా చేసిన హోల్‌సేల్ డిస్ట్రిబ్యూటర్ని, ఒకరు తయారు చేస్తే ఇంకొకరి పేరుతో అమ్మిన మార్కెటింగ్ కంపెనీని కూడా మొదటి రోజే ప్రతివాదులుగా పెట్టాలి, మనకి తెలిసిన షాపాయనే కదా పాపం అని వదిలేస్తే రెండేళ్ళ తర్వాత చేర్చడానికి గడువు అడ్డం వస్తుంది. జిల్లా కమిషన్ ఆర్డర్ మీద రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళాలంటే వాళ్ళు 45 రోజుల్లోపు వెయ్యాలి, సగం డబ్బు డిపాజిట్ చెయ్యాలి. అప్పీలూ వెయ్యకుండా, డబ్బూ కట్టకుండా కూర్చుంటే సెక్షన్ 72 కింద అదే కమిషన్‌లో పిటిషన్ పెట్టొచ్చు, నెల నుంచి మూడేళ్ళ దాకా జైలుంది.